నలుగురి మాట – మన జ్ఞాపకము

“నలుగురితో నారాయణ” అనునది తెలుగువారి నోట నిత్యము వినవచ్చు మాట. నలుగురు నడచిన త్రోవను నడచుట క్షేమమనియు, నలుగురు ఒప్పినదానిని ఒప్పుకొనుట మర్యాదయనియు దాని తాత్పర్యము. సంఘములో బ్రతుకువానికి ఈ నీతి చాలవరకు పనికివచ్చును. పెండ్లిపందిరిలో, గ్రామసభలో, ఇరుగుపొరుగువారితో మెలగుటలో ఇది లేకున్న జీవితము సాగదు. కాని ఒక్క చోట మాత్రము ఈ నీతి మనలను మోసపుచ్చును. మన కంటితో మనము చూచినదానిని గూర్చి నలుగురు మరొక విధముగా చెప్పినపుడు, మన నోటిమాట మాత్రమే కాదు, మన జ్ఞాపకము సైతము మారిపోవచ్చును. అంతకంటె వింత యేమనగా, అట్లు మారిన జ్ఞాపకమును గూర్చి మన ధీమా తగ్గుటకు మారుగా పెరుగుచుండును. ఈ సంగతిని గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

పంచతంత్రములో ఒక కథ కలదు. మన యిండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. ఒక బ్రాహ్మణుడు మేకను భుజముపై వేసికొని యింటికి పోవుచుండెను. ముగ్గురు ధూర్తులు దానిని కాజేయదలచి, దారి పొడవున దూరదూరముగా నిలిచిరి. కుక్కను మోయుచున్నావేమని మొదటివాడు అడిగెను. బ్రాహ్మణుడు వానిని కసరి పంపెను. రెండవవాడును ఆ మాటయే అనగా, మేకను దించి, తేరిపార జూచి, మరల నెత్తుకొనెను. మూడవవాడును అదే మాట అనగా, తన కన్నులనే శంకించి, మేకను అచ్చటనే విడిచి వెడలిపోయెను.

ఈ కథలో ధూర్తుల నేర్పు మాటలలో లేదు. వారు నిలిచిన చోటులలో ఉన్నది. ముగ్గురును ఒక్కచోట నిలిచి కుక్క కుక్క యని అరచియుండినచో బ్రాహ్మణుడు నవ్వి పోయియుండును. ఒకరి నొకరు ఎరుగని వారివలె వేర్వేరు చోట్ల కనబడుటచేత, ఒకే కుట్ర ఆయనకు మూడు సాక్ష్యములుగా తోచినది. ఈ యొక్క సంగతిని మనస్సున నుంచుకొన్నచో తక్కిన ప్రసంగమంతయు సులభముగా బోధపడును.

1951 ప్రాంతమున అమెరికాలో సాలమన్ ఆష్ అను మనశ్శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగము ఈ కథకు వ్యాఖ్యానము వంటిది. ఆయన ఒక అట్టపై ఒక గీతను, మరొక అట్టపై మూడు గీతలను చూపి, మొదటిదానితో సమానమైన గీత ఈ మూడింటిలో ఏదని కళాశాల విద్యార్థులను అడిగెను. పసివాడైనను చెప్పగల ప్రశ్న. ఒంటరిగా అడిగినపుడు నూటికి ఒక్క తప్పు కూడ రాలేదు. పిమ్మట ఒక గదిలో ఏడెనిమిదిమందిని కూర్చుండబెట్టి, వారిలో ఒక్కనికి తప్ప తక్కినవారికందరికి ముందుగనే బోధించి, వారిచేత ఒకే తప్పు సమాధానమును వరుసగా చెప్పించెను. అప్పుడు ఆ ఒక్కడు చెప్పిన సమాధానములలో మూడింట ఒక వంతునకు పైగా తప్పులయ్యెను. నూటికి 75 మంది ఒక్కమారైనను గుంపు మాటకు లొంగిరి. తక్కిన నాల్గవ వంతు మంది కడవరకు తమ కన్నులనే నమ్ముకొనిరి.

ఆష్ మరి రెండు సంగతులు కనుగొనెను. ఎదుట తప్పు చెప్పువాడు ఒక్కడే యైనపుడు లొంగుబాటు నూటికి 4కు లోపు. ఇద్దరైనపుడు 14కు లోపు. ముగ్గురైనపుడు దాదాపు 32. ముగ్గురిని మించి ఎందరిని చేర్చినను అది విశేషముగా పెరుగలేదు. పంచతంత్రములో ధూర్తులు ముగ్గురే యగుట కాకతాళీయము కావచ్చును గాని లెక్క సరిపోయినది. రెండవ సంగతి మరింత ముఖ్యము. ఆ గుంపులో నిజము చెప్పువాడు ఒక్కడు తోడైనచో, తప్పులు నాల్గవ వంతునకు తగ్గిపోయెను. ఒక్క గొంతుక నిజము పలికినచో దాని బలము అంతటిది.

అయితే ఇది నోటిమాట సంగతి. లోపల నిజమెరిగియు, నలుగురిలో నవ్వులపాలగుదుమని పైకి ఒప్పుకొన్నవారు వారిలో పెక్కుమంది. ఇంటికి పోయిన పిమ్మట వారి కన్నులు వారివే. మన ప్రశ్న అంతకంటె లోతైనది. నలుగురి మాట లోపలి జ్ఞాపకమును కూడ తిరుగవ్రాయునా?

వ్రాయునని 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చెప్పుచున్నది. ఇజ్రాయెలు దేశములోని వైజ్‌మన్ సంస్థవారును, లండను శాస్త్రజ్ఞులును కలిసి దానిని నడపిరి. కొందరిని చిన్నచిన్న గుంపులుగా కూర్చుండబెట్టి ఒక చలనచిత్రమును చూపిరి. మూడు దినముల పిమ్మట ఒక్కొక్కరిని విడిగా ప్రశ్నించిరి. మరి నాలుగు దినములకు వారినే పిలిచి, వారు మునుపు సరిగా, ధీమాగా సమాధానము చెప్పిన ప్రశ్నలకే, నీతో కూడ చిత్రము చూచినవారు ఇట్లు చెప్పిరి అని కల్పిత సమాధానములను ముందుంచిరి. వారు దాదాపు నూటికి 70 పర్యాయములు ఆ తప్పు సమాధానమునకు మొగ్గిరి. ఒక వారము గడచిన తరువాత, ఆ సమాధానములు తోటివారివి కావనియు, యంత్రము ఇష్టము వచ్చినట్లు పుట్టించినవనియు విప్పి చెప్పి, మరల అడిగిరి. అప్పుడు సగమునకు పైగా తప్పులు సవరింపబడినవి. కాని లొంగి చెప్పిన సమాధానములలో నూటికి 40కి పైగా తప్పులుగనే నిలిచిపోయెను. మొహమాటము తొలగినది, తప్పు తొలగలేదు. అనగా అవి మర్యాదకు చెప్పిన మాటలు కావు, జ్ఞాపకమే మారినది.

ఇంకొక పరిశోధన స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున జరిగినది, 2003లో ప్రకటింపబడినది. ఒకే సంఘటనను రెండు దిక్కుల నుండి చిత్రించి, ఇద్దరికి చెరియొక చిత్రమును చూపిరి. మొదటివాడు చూచిన కొన్ని వివరములు రెండవవానికి కనబడవు. రెండవవానికి కనబడినవి మొదటివానికి కనబడవు. ఇద్దరును చూచినది ఒకటేయని వారి నమ్మకము. ఇద్దరిని కలిసి మాటలాడుకొననిచ్చి, ఆపైన విడివిడిగా అడుగగా, మాటలాడుకొన్నవారిలో నూటికి 71 మంది, తాము చూడనివి, పక్కవాని నోట విన్నవి యగు వివరములను, కంటితో చూచినట్లుగా చెప్పిరి. వారిలో ఎవ్వరును అబద్ధమాడలేదు. విన్నది చూచినదిగా మారుట వారికే తెలియలేదు.

ఒకే సంఘటనను వేర్వేరు దిక్కుల నుండి చూచుట యన్న మాట వినగానే కృష్ణా డెల్టావారికి గుర్తు వచ్చునది ఒకటే. 1977 నవంబరు 19, శనివారము. ఆనాటి తుపాను చీరాల సమీపమున తీరము దాటినది. దానితో కూడ సముద్రము పొంగి దివిసీమపై పడినది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప మొదలగు ఊళ్లు ఆ నీటి దారిలో ఉండెను. ఉప్పెన యెత్తు దాదాపు 5 మీటర్లనియు, నీరు తీరమునుండి పది పన్నెండు కిలోమీటర్ల లోపలికి చొచ్చినదనియు అంచనాలు. ప్రభుత్వ గణాంకముల ప్రకారము మృతులు సుమారు 10,000. మరికొన్ని అంచనాలు 14,000 దాటినవి. ఆ నీటిలో పడి బ్రతికినవారు నేటికిని నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో ఉన్నారు. ఆనాడు పిల్లలైనవారు నేడు వృద్ధులైరి.

రేడియో వృత్తిలోనున్న మేము ఇట్టివారి మాటలను భద్రపరచుటకై ఊళ్లకు పోవుచుందుము. ఊరి అరుగుమీద పదిమంది చేరినపుడు అడుగుట ఒక తీరు. ఇంటింటికి పోయి ఒక్కొక్కరిని అడుగుట మరొక తీరు. ఈ రెండింటికి గల భేదము మాకు అనుభవైకవేద్యము. అరుగుమీద అడిగినచో, ముందుగా ఒక పెద్దాయన “తాడిచెట్టంత అల లేచిందయ్యా” అనును. తరువాత అడిగిన ప్రతివారి మాటలోను ఆ తాడిచెట్టు వచ్చి నిలుచును. ఇంటిలో ఒంటరిగా, “తాతగారూ, మీరు మీ కళ్లతో చూచినంత వరకే చెప్పండి” యని అడిగినచో వచ్చు మాట వేరు. “ఏమోనండీ, నాకు ఆ హోరు ఒక్కటే గుర్తు. నీళ్లెత్తు నేను చూడలేదు. తుమ్మచెట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నాను” అని ఒకరు. “ఇంటి చూరు నా చేతికి అందింది బాబూ, అంతవరకే తెలుసు” అని మరొక అమ్మగారు. వారిలో ఎవరి మాట విలువ గలది? రెండవ తీరున వచ్చిన మాటలే. చూరు చేతికందినదన్న మాటను నేల నుండి చూరు వరకు కొలిచి లెక్క కట్టవచ్చును. తాడిచెట్టును అట్లు కొలువరాదు. పెరిగిన తాడిచెట్టు 5 మీటర్లకు మూడు నాలుగింతలు ఉండును గదా!

ఇట్లనుటచేత ఆ పెద్దాయన మాట అబద్ధమని మా యభిప్రాయము కాదు. ఉప్పెన నీటిపైన మరల గాలికి లేచు అలలు ఉండును. ప్రాణభీతితో చూచినవానికి ఆ యెత్తు తాడిచెట్టుగా తోచుట సహజము. ఆ మాట కొలత కాదు. ఆ భయమునకు ఊరంతయు కలిసి పెట్టుకొన్న పేరు. బిడ్డలను పోగొట్టుకొన్నవారికి ఆ పేరు కావలసియున్నది. కాని కొలత కావలసినచోట ఆ పేరును ఉంచరాదు. పదిమంది తాడిచెట్టన్నారు గనుక పది సాక్ష్యములు దొరికినవని ఎవరైనను అనుకొన్నచో, వారు పంచతంత్రములోని బ్రాహ్మణునివలె ఒక్క మాటను పదిగా ఎంచినవారగుదురు.

చూచినవారు బ్రతికియుండగనే ఇట్లుండ, చూచినవారందరు పోయిన పిమ్మట ఏమగునో బందరువారికి తెలియును. 1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్నముపై పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మృతిచెందిరని గ్రంథస్థమై యున్నది. ఆ రాత్రిని చూచినవారెవ్వరును నేడు లేరు. ముత్తాతగారు చెప్పగా తాతగారును, తాతగారు చెప్పగా తండ్రిగారును విన్న మాటలు ఇంటింట కొంచెము కొంచెముగా మిగిలినవి. అటుపైన 1977 నాటి ఉప్పెన వచ్చి, ఆ పాతమాటలతో కలిసినది. ఏది ఏ ఉప్పెనదో వేరుచేయుట చెప్పువారికే కష్టము. మనకు తేదియు, లెక్కయు దక్కినవనగా, అది ఆ కాలపువారు కాగితముపై వ్రాసియుంచుట వలననే. వ్రాసిన కాగితమునకు పొరుగువాని మాట వినబడదు. అదియే దాని గొప్పతనము.

విపత్తుల కథలు ఇట్లు ఒకే మూసలో పోసినట్లగుటను మన దేశపు శాస్త్రజ్ఞుడొకడు పరిశీలించెను. 1934 జనవరి 15న బీహారులో గొప్ప భూకంపము వచ్చినది. జమునా ప్రసాద్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఆ దినములలో ప్రజలనోట వ్యాపించిన వదంతులను సేకరించి 1935లో ప్రకటించెను. 1950లో మరొక వ్యాసము వ్రాసి, వేర్వేరు కాలములలో, వేర్వేరు దేశములలో భూకంపముల వెంట పుట్టిన వదంతులు ఒకదానినొకటి ఎంతయో పోలియుండునని చూపెను. ఎవరును ఎవరి నుండియు నేర్చుకొనకయే ఒకే తీరు మాటలు పుట్టును. పుట్టిన మాటలు ఒకరి నోటనుండి మరొకరి జ్ఞాపకములోనికి పోవును.

విపత్తులను విడిచి నిత్యజీవితమునకు వత్తము. గుడివాడ ప్రాంతమున సార్వా కోతలకు ముందు చేనిగట్టుపై నలుగురు నిలిచి పంటను అంచనా కట్టుట చూడని వారుండరు. “ఎంత దిగుతుంది బాబాయ్?” అని ఒకరు అడుగుదురు. “ఎకరాకు ముప్పై బస్తాలకు తగ్గదురా” అని పెద్దరైతు అనును. మనస్సులో 24 అనుకొన్నవాడు 28 అనును. 35 అనుకొన్నవాడు 31 అనును. అందరును ఒక్క దరికి చేరుదురు. చేరినకొలది అందరికిని ధీమా హెచ్చును: ఇంతమందిమి చూచి ఒక్క మాటే చెప్పుచున్నాము గదా! కాని నిజమునకు అక్కడ అంచనా కట్టినవాడు ఒక్కడే. తక్కినవారు అతని అంచనాను కొద్దిగా సవరించినవారు.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ ఒకటి కలదు. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణపు సంతలో ఒక ఎద్దును నిలిపి, కోసి శుభ్రపరచిన పిమ్మట దాని మాంసము ఎంత తూగునో చెప్పవలసినదని పందెము పెట్టిరి. ప్రతివాడును తన అంచనాను తన చీటిపై వ్రాసి ఇచ్చెను. ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు ఆ చీటీలు తెప్పించి, చదువుటకు వీలైన 787 అంచనాలను వరుసగా పేర్చి చూడగా, నట్టనడిమి అంచనా 1,207 పౌనులు. నిజమైన తూకము 1,198 పౌనులు. నూటికి ఒక్క వంతు కూడ తేడా లేదు. పలువురి తెలివి నిజముగనే గొప్పది. కాని ఎప్పుడు? ఎవరి చీటి వారు వ్రాసినపుడు.

ఎవరి చీటిని వారు వ్రాయక ఒకరిది మరొకరు చూచుకొన్న ఏమగునో జూరిచ్ నగరములో 144 మంది విద్యార్థులపై పరీక్షించి 2011లో ప్రకటించిరి. సంఖ్యలతో సమాధానము చెప్పవలసిన ప్రశ్నలను ఒక్కొక్కదానిని అయిదేసి మారులు అడిగిరి. ఇతరుల సమాధానములను చూడనిచ్చినపుడు, మారు మారునకు అందరి అంచనాలును దగ్గర పడెను. దగ్గర పడినవి గాని నిజమునకు చేరువ కాలేదు. కాని సమాధానము చెప్పినవారి ధీమా మాత్రము పెరిగెను. చేనిగట్టుమీది సంగతియే ఇది!

పంట అంచనా విషయమున మన దేశమువారు దీనికి మందు కనుగొనిరి. పూర్వము గ్రామోద్యోగులు కంటిచూపుతో పంట ఇన్ని అణాలని నిర్ణయించెడువారు. 1940 తరువాతి సంవత్సరములలో బెంగాలులో ప్రశాంత చంద్ర మహలనోబిస్, ఢిల్లీలో పి. వి. సుఖాత్మే, ఆ పద్ధతికి బదులుగా, చీటీలు తీసినట్లు యాదృచ్ఛికముగా పొలములను ఎంచి, వానిలో కొలిచిన తావున పంటను కోసి, నూర్చి, తూచు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చిరి. పంటకోత ప్రయోగములను పేర అది నేటికిని జరుగుచున్నది. గట్టుమీద ఎవరు పెద్దరైతో, ఎవరు ముందు నోరు విప్పిరో త్రాసునకు తెలియదు.

కోర్టు వ్యవహారములలో ఈ సంగతి ప్రాణముల మీదికి వచ్చును. జిల్లా న్యాయస్థానము మచిలీపట్నముననే ఉన్నది. సాక్షులుగా పోయివచ్చినవారు ఈ ప్రాంతమున ఎందరో కలరు. సాక్షి తాను కన్నది చెప్పవలెను గాని ఒకరు చెప్పగా విన్నది చెప్పరాదని 1872 నాటి భారత సాక్ష్య చట్టము విధించినది. సాక్షిని పిలిపించినవారే సమాధానమును తమ ప్రశ్నలో ఇమిడ్చి అడుగరాదనియు అందు నియమము కలదు. 2024 జులై 1 నుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఈ నియమములు నిలిచియున్నవి. మనశ్శాస్త్ర ప్రయోగశాలలు పుట్టకముందే న్యాయశాస్త్రజ్ఞులు ఈ ప్రమాదమును పసిగట్టిరన్న మాట.

అయితే చట్టము సాక్షి మాటను కాయగలదు గాని, సాక్షి ధీమాను కాయుట కష్టము. 1998లో అమెరికాలో గేరీ వెల్స్, ఏమీ బ్రాడ్‌ఫీల్డ్ అనువారు చేసిన ప్రయోగము దీనిని తెలుపును. మసకగానున్న ఒక చిత్రములో తుపాకి పట్టినవానిని చూపి, తరువాత కొన్ని ఫొటోలు ముందుంచి, వాడు వీరిలో ఎవరని అడిగిరి. నిజమునకు వాడు ఆ ఫొటోలలో లేనే లేడు. అయినను ప్రతివారును ఒకరిని చూపిరి. వారిలో కొందరితో, మంచిది, మీరు చూపినవాడే అనుమానితుడు, అని ఒక్క మాట అనిరి. ఆ యొక్క మాటతో వారి ధీమా పెరిగెను. అంతియ కాదు. తాము ముఖమును స్పష్టముగా చూచితిమనియు, శ్రద్ధగా గమనించితిమనియు చెప్పసాగిరి. జరిగిపోయిన చూపు సైతము వెనుకకు పోయి స్పష్టమైనది! న్యాయాధిపతి యెదుట గట్టిగా చెప్పు సాక్షిని లోకము నమ్మును. ఆ గట్టిదనము కంటినుండి వచ్చినదో, ఒకరి మెప్పుమాటనుండి వచ్చినదో ఎవరు చెప్పగలరు?

ఇంతవరకు చెప్పినదానిని మరల ఉప్పెనకు అన్వయింతము. ఇక్కడ ఇది పాండిత్యపు ముచ్చట కాదు. తీరగ్రామములలోని ప్రతి కుటుంబమునకు సంబంధించినది. తుపాను హెచ్చరిక వచ్చినపుడు ఇల్లు విడిచి పోవలెనా వద్దా అను నిర్ణయము రెండింటిపై ఆధారపడును: ఒకటి, పూర్వము నీరు ఎంతవరకు వచ్చినదను జ్ఞాపకము, రెండు, పక్కింటివారు కదలుచున్నారా లేదా అను చూపు. ఈ రెండును నలుగురి మాటకు లోబడినవే.

1968లో లటానే, డార్లీ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగమును చూడుడు. గదిలో కూర్చుండి కాగితము నింపుచున్నవాని ముందు గోడలోని రంధ్రము గుండ పొగను వదలిరి. ఒంటరిగా నున్నవారిలో నూటికి 75 మంది లేచిపోయి ఆ సంగతి తెలిపిరి. ఏమియు పట్టనట్లు కూర్చుండుటకు నియమింపబడిన ఇద్దరు పక్కన ఉన్నపుడు, నూటికి 10 మంది మాత్రమే లేచిరి. కన్నులు మండుచున్నను, దగ్గు వచ్చుచున్నను, పక్కవారు కదలలేదు గదాయని కూర్చుండిరి. హెచ్చరిక వినిన వీధిలో ప్రతి యింటివారును పక్కింటివైపు చూచి ఊరకున్నచో, ఆ వీధిలో ఎవ్వరును కదలరు. ఎవ్వరును అడ్డము చెప్పలేదు. ఎవ్వరును ప్రమాదము లేదనలేదు. ఒకరి మౌనము మరొకరికి సమాధానమైనది.

దీనికి ప్రతిగా నలుగురి మాట ప్రాణములు కాపాడిన సందర్భము కూడ మన తీరముననే కలదు. 1990 మే 9న మచిలీపట్నమునకు నైరుతిగా, కృష్ణ సముద్రమున కలియు చోటికి సమీపమున మహాప్రచండమైన తుపాను తీరము దాటెను. అప్పుడు లక్షన్నర మందికి పైగా ప్రజలను ముందుగనే సురక్షిత ప్రదేశములకు తరలించిరి. మృతులు వేయిమందికి లోపు. అదియు చిన్న సంఖ్య కాదు. కాని 1977తో పోల్చి చూచినచో భేదము తెలియును. ముందుగా హెచ్చరించిన యంత్రాంగము, రేడియో, ఇంటింటికి తిరిగిన ఉద్యోగులు అందరును దానికి కారకులు. వారితోపాటు, ముందుగా మూట కట్టుకొని బయలుదేరిన ప్రతి కుటుంబము కూడ ఒక కారకమే. ఆష్ ప్రయోగములో నిజము పలికిన ఒక్కని వంటిది ఆ కుటుంబము. దానిని చూచి రెండవ కుటుంబము లేచును.

అట్లయిన ఇతరుల మాట వినవలెనా, వినరాదా? తప్పక వినవలెను. ఆ ప్రళయములో ఒక చెట్టును పట్టుకొని వ్రేలాడినవానికి తెలిసినది ఆ చెట్టు చుట్టునున్న నీరు మాత్రమే. ఊరి కథ తెలియవలెనన్న పదిమంది చెట్లను కలుపుకొనవలెను. మరచిన పేర్లు, తేదులు ఒకరి మాటవలన మరొకరికి గుర్తు వచ్చుట మన యిండ్లలో నిత్యానుభవము. దోషము వినుటలో లేదు, వరుసలో ఉన్నది. ముందు తన చీటి తాను వ్రాసికొని, తరువాత ఇతరుల చీటీలు చూచినచో లాభము. ముందుగనే ఇతరుల చీటి చూచినచో, తన చీటి ఇక యెప్పటికిని దొరకదు.

ఇండ్లలో ఆచరింపదగిన కొన్ని పద్ధతులు చెప్పి ముగింతుము. ముఖ్యమైన సంగతి యేదైన జరిగినపుడు, నలుగురిలో కూర్చుండి చెప్పుకొనుటకు ముందే, చూచినవారు చూచినంతవరకు ఒక కాగితముపై వ్రాసి, తేది వేసి ఉంచవలెను. వ్రాయుట రానివారి మాటను పిల్లలు వ్రాసి పెట్టవచ్చును. పెద్దలను పాతసంగతులు అడుగునపుడు ఒక్కొక్కరిని విడిగా అడుగవలెను. సమాధానమును ప్రశ్నలో పెట్టి అడుగరాదు. నీళ్లు తాడిచెట్టంత వచ్చినవా అని అడుగుటకంటె, నీళ్లు ఎంతవరకు వచ్చినవి, మీరు ఎక్కడ నిలిచి చూచితిరి, అని అడుగుట మేలు. ఎవరైన గట్టిగా చెప్పినపుడు, మీరు చూచితిరా, విన్నారా, అని మర్యాదగా అడుగుట కోపకారణము కాకూడదు. వయస్సులో చిన్నవారు, కోడండ్రు, పాలేర్లు, సాధారణముగా పెద్దల తరువాతనే మాటలాడుదురు. నిజము కావలసినపుడు వారిని ముందు అడుగవలెను. పెద్దవారు ముందు చెప్పిన పిమ్మట వారి నుండి వచ్చునది వారి మాట కాదు, పెద్దల మాటకు ప్రతిధ్వని.

తీరగ్రామములవారికి మరొక్క మాట. నీరు వచ్చిన యెత్తు మీ ఊరిలో ఏ గోడమీదనైన, ఏ గుడి అరుగుమీదనైన గుర్తుగా నిలిచియున్నచో, దానిని చెరపనీయకుడు. సున్నము వేయునపుడు దానిని విడిచి వేయించుడు. 1977 మృతుల స్మారకము అవనిగడ్డలో ఉన్నది. మీ పిల్లలకు దానిని చూపుడు. మన జ్ఞాపకము పొరుగువాని మాటకు వంగును, రాయి వంగదు. హెచ్చరిక వినబడిన నాడు పక్కింటివైపు చూచుటకు ముందు ఆ గుర్తువైపు చూడుడు. పక్కింటివారు మీవైపే చూచుచుందురు గనుక, మీరు ముందుగా లేచినచో వారును లేతురు. నలుగురితో నారాయణ యనుట మంచిదే. ఆ నలుగురిలో మొదట నిజము పలుకువారు మనమగుట ఇంకను మంచిది.